ఆదోని కోట

ఆదోని కోట ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని పట్టణమునకు ఆనుకొని ఉన్న కొండలపై గల ప్రాచీన గిరిదుర్గము. విజయనగర, బహమనీ, బీజాపూర్ రాజ్యముల మధ్య సుమారు రెండు శతాబ్దాలపాటు జరిగిన పోరాటాలలో ఈ కోట ప్రధాన పాత్ర వహించినది. తరువాత మొఘలులు, నిజాం వంశీయులు, మైసూరు సుల్తానులు దీనికొరకు పోటీపడ్డారు. 1800లో ఈ ప్రాంతము ఆంగ్లేయుల ఏలుబడిలోకి వెళ్ళిన తరువాత కోటకు సైనిక ప్రాముఖ్యము తగ్గిపోయినది. ప్రస్తుతము ప్రాకారములు చాలావరకు శిథిలమైనా, కొండలపై బురుజులు, ద్వారములు, నీటి గుండములు, సమాధులు, దేవాలయాలు చూడదగినవి కలవు.

పేరు

పూర్వము ఈ ఊరిని యాదవగిరి, ఆదవాని అని పిలిచేవారు. ఆదవాని అన్న పేరే వాడుకలో ఆదోని అయినదని చెబుతారు. 1688లో మొఘలులు కోటను పట్టుకొన్న పిమ్మట దీనికి ఇమ్తియాజ్‌గఢ్ అని నామకరణము చేశారు. అయితే ఆ పేరు రాజపత్రాలకూ నాణేలకూ పరిమితమైనదే తప్ప జనుల నోట నిలువలేదు. క్రీస్తుపూర్వము 1200 ప్రాంతమున బీదరును ఏలిన భీమసింగు కాలములో చంద్రసేనుడు అనునతడు ఈ ఊరిని నిర్మించెనని ఒక స్థానిక గాథ కలదు. దీనికి శాసనాధారము లేదు. కనుక దీనిని చరిత్రగా గాక ఐతిహ్యముగా మాత్రమే గ్రహించవలెను.

భౌగోళిక స్వరూపము

ఆదోని పరిసరములు తుంగభద్రా నదికి దక్షిణముగా ఉన్న మెట్టభూములు. నల్లరేగడి నేలలలో ప్రత్తి, ఎర్రనేలలలో వేరుశనగ ప్రధాన పంటలు. ఈ సమతల భూమి నడుమ అక్కడక్కడ నల్లరాతి గుట్టలు హఠాత్తుగా లేచి నిలుచుంటాయి. కోటి సంవత్సరాల ఎండకూ వానకూ పైమట్టి కొట్టుకొనిపోగా మిగిలిన గట్టి రాళ్ళు ఇవి. గుండ్లపై గుండ్లు పేర్చినట్లుండే ఈ గుట్టలే రాయలసీమలోని పలు కోటలకు పునాదులు. గుత్తి, రాయదుర్గం, బళ్ళారి కోటలు కూడా ఇటువంటి గుట్టలపైననే వెలసినవి.

ఆదోని కోట ఒకే కొండపై కట్టినది కాదు. ఐదు కొండలు క్రమము లేని వలయముగా నిలిచి, మధ్యన విశాలమైన స్థలమును చుట్టియున్నవి. వాటి పేర్లు బారాఖిల్లా, తాలిబండ, హజారాసీడి, ధర్మహరి, తస్బీబండ. వీటిలో బారాఖిల్లా, తాలిబండ ఎత్తైనవి. ఇవి చుట్టుపక్కల నేలకన్న సుమారు 800 అడుగులు (240 మీటర్లు) ఎత్తున ఉన్నవి. బారాఖిల్లా అనగా పన్నెండు కోటలు అనియు, హజారాసీడి అనగా వేయి మెట్లు అనియు అర్థము చెబుతారు. సంస్కృతము, తెలుగు, దక్కనీ ఉర్దూ పదములు ఒకే కోటలోని కొండల పేర్లలో కలిసిపోవుట ఈ ప్రాంతపు చరిత్రకు అద్దము పట్టుచున్నది.

గిరిదుర్గము పనిచేసే విధానము

కౌటిల్యుని అర్థశాస్త్రము దుర్గములను నాలుగు విధములుగా విభజించినది. అవి నీటిచే రక్షింపబడే ఔదకము, కొండపై నుండే పార్వతము, నిర్జల ప్రదేశములోని ధాన్వనము, అడవిలోని వనదుర్గము. ఆదోని రెండవ రకమునకు చెందినది.

కొండకోటకు మూడు బలములు ఉంటాయి. మొదటిది ఎత్తు. పైనున్నవారికి శత్రువు రాక చాలా దూరమునుండే కనబడుతుంది. రెండవది రాయి. గోడకు కావలసిన రాయి కొండమీదనే దొరుకుతుంది. సహజమైన బండలు ఉన్నచోట గోడ అవసరమే ఉండదు. బండకూ బండకూ మధ్య ఉన్న సందులను మూసివేస్తే చాలు. మూడవది నీరు. మొదటి రెండింటిని ప్రకృతి ఇస్తుంది కాని మూడవదానిని మనుషులు సంపాదించుకోవలెను. వానాకాలములో బండలమీద పడిన ప్రతి చుక్కను వాలు వెంబడి గుండములలోకి మళ్ళించి, సంవత్సరమంతటికీ నిలువచేసుకోవలెను. ధాన్యము కొట్లలో ఉండవచ్చును, మందుగుండు గాదెలలో ఉండవచ్చును, కాని గుండము ఎండినరోజున కోట పడిపోక తప్పదు. బారాఖిల్లా సగము ఎత్తులో ఎన్నడూ ఎండిపోదని ప్రసిద్ధి చెందిన ఒక గుండము కలదు. ఆదోని కోట చరిత్రలో కత్తికన్న, ఫిరంగికన్న ఈ నీటికే ఎక్కువ ప్రాధాన్యము ఉన్నదని ముందు చెప్పబోవు ముట్టడి కథ తెలుపుచున్నది.

చరిత్ర

విజయనగర కాలము

పదునాలుగవ శతాబ్దిలో ఆదోని విజయనగర రాజుల అధీనములో ఉన్నది. రాజధానికి తూర్పుగా, తుంగభద్ర దాటి వచ్చే శత్రువుకు అడ్డముగా ఉండుటచే వారు దీనిని విశేషముగా బలపరచిరి. పదిహేడవ శతాబ్దపు తొలినాళ్ళలో బీజాపూర్ ఆస్థానమున ఉండి దక్కను చరిత్రను పారసీకములో వ్రాసిన ఫెరిష్తా ఈ కోటను వర్ణించెను. కోటకు ఒకదానిలో ఒకటిగా పదకొండు ప్రాకారములు ఉన్నవనియు, లోపల మంచినీటి కొలనులు, భవనములు ఉన్నవనియు, విజయనగర రాజులు ఒకరి తరువాత ఒకరు దీనిని బలపరచి ఆపదలో తమ కుటుంబాలకు ఆశ్రయముగా ఉంచుకొన్నారనియు అతడు తెలిపెను. ఫెరిష్తా సుల్తానుల పక్షమున వ్రాసినవాడు. అటువంటివాడు శత్రువుల కోటను ఇంతగా పొగడుట గమనింపదగినది.

1366లో బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్ షా తుంగభద్రను దాటి బుక్కరాయల రాజ్యముపై దండెత్తినాడు. ఈ యుద్ధములో ప్రధానమైన పోరు జరిగిన స్థలము ఆదోనికి సమీపమున ఉన్న కౌతాళమని రాబర్ట్ సూయెల్ వంటి చరిత్రకారులు భావించారు. ఈ యుద్ధములో ఫిరంగులు వాడినట్లు ఫెరిష్తా చెప్పిన మాటపై పండితులలో భిన్నాభిప్రాయములు ఉన్నవి.

తొమ్మిది నెలల ముట్టడి

మహమ్మద్ షా కుమారుడు ముజాహిద్ షా (పాలన 1375 - 1378) విజయనగరముపై దండెత్తి, రాజధానిని పట్టుకొనలేక, తిరుగుదారిలో ఆదోనిని ముట్టడించెను. ముట్టడి తొమ్మిది నెలలు సాగినది. వేసవి ముదిరేకొలది కోటలోని గుండములు అడుగంటినవి. దాహమునకు తాళలేక లోపలివారు కోటను అప్పగించుటకు సిద్ధపడిన సమయమున వాన కురిసినది. గుండములు నిండినవి. కోటవారు మరల ధైర్యము తెచ్చుకొన్నారు. అదే వాన కొండ దిగువన ఉన్న ముట్టడిదారులకు శాపమైనది. శిబిరములో ఆహారము కొరవడి, నీరు చెడిపోయి, విరేచనముల వ్యాధి వ్యాపించినది. సుల్తాను సంధి చేసుకొని వెనుదిరిగెను. ఈ వృత్తాంతము ఫెరిష్తా రచనవలననే తెలియుచున్నది.

ఒకే వాన పైవారికి ప్రాణము పోసి, క్రిందివారికి రోగము తెచ్చుట యాదృచ్ఛికము కాదు. బండలపై పడిన నీరు శుభ్రముగా గుండములోకి చేరును. వేలకొలది మనుషులు, గుర్రములు, ఎద్దులు నెలల తరబడి ఒకేచోట విడిసియున్న మైదానములో పడిన నీరు మలినమును కలుపుకొని పల్లములో నిలుచును. ముట్టడి ఎంత ఎక్కువకాలము సాగితే క్రింది సైన్యమునకు అంత ప్రమాదము. గిరిదుర్గముల బలము ప్రధానముగా ఈ ఓర్పులో ఉన్నది.

బీజాపూర్ పాలన

1565లో రాక్షసతంగడి యుద్ధములో విజయనగరము ఓడిన తరువాత, రామరాయల వద్ద ఉన్నతోద్యోగిగా ఉండిన ఒకడు ఆదోనిలో స్వతంత్రించెను. 1568లో బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్ షా పంపిన సేనాని అంకుస్ ఖాన్ దీర్ఘకాలపు ముట్టడి అనంతరము కోటను స్వాధీనము చేసుకొన్నాడు. అంతవరకు అజేయమని పేరుపొందిన కోట చేతులు మారుట దక్కను అంతటా పెద్ద వార్త అయినది. విజయనగర కేంద్రము పడిపోయి, సాయము వచ్చే దిక్కు లేనప్పుడు కొండ మాత్రము ఎంతకాలము నిలువగలదు?

బీజాపూర్ తరఫున ఆదోనిని పాలించినవారిలో మాలిక్ రెహమాన్ ఖాన్, సిద్దీ మసూద్ ఖాన్ ప్రసిద్ధులు. ఇరువురూ హబ్షీలు, అనగా ఆఫ్రికా ఖండపు అబిసీనియా (నేటి ఇథియోపియా) ప్రాంతపు మూలములు కలవారు. రెహమాన్ ఖాన్ సమాధి తాలిబండ కొండపై కలదు. 1662 నుండి ఆదోనిని పాలించిన మసూద్ ఖాన్ కొంతకాలము బీజాపూర్ రాజ్యమునకే సంరక్షకుడుగా వ్యవహరించెను. పట్టణములోని షాహీ జామియా మసీదును కట్టించినవాడు ఇతడే.

మధ్వమత గురువులైన శ్రీ రాఘవేంద్రస్వామి కథలలో కూడా ఆదోని నవాబు కనబడతాడు. చదువురాని వెంకన్న అను బాలుడు నవాబుగారికి వచ్చిన లేఖను స్వామివారి అనుగ్రహముచే చదివి, తరువాత ఆదోనికి దివాను అయ్యెనని గాథ. నవాబు స్వామివారిని పరీక్షింపదలచి మాంసమును కప్పి తెప్పించగా అది పండ్లుగా మారెననియు, నవాబు పశ్చాత్తాపపడి స్వామివారు కోరిన మంచాల గ్రామమును దానము చేసెననియు భక్తులు చెప్పుకొందురు. ఆ మంచాలయే నేటి మంత్రాలయము. స్వామివారు 1671లో అచ్చట బృందావన ప్రవేశము చేసిరి.

మొఘలులు, మసీదు కథ

1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైనవి. ఆ తరువాత మొఘల్ సేనాని ఫిరోజ్ జంగ్ ఆదోనిపైకి వచ్చెను. 1688లో మసూద్ ఖాన్ లొంగిపోయెను. ఈ సందర్భములో ఒక కథ ప్రచారములో కలదు. కోటను బలముతో గెలువజాలని సేనాని, మసూద్ ఖానుకు ప్రాణముకన్న ప్రియమైన జామియా మసీదుపైకి ఫిరంగులను గురిపెట్టించెననియు, మసీదు పగిలిపోవుటకన్న కోటను వదలుకొనుటయే మేలని అతడు తలుపులు తెరచెననియు ఆ కథ సారాంశము. ఇది ఎంతవరకు నిజమో గాని, మసీదు మాత్రము నేటికిని నిలిచియున్నది. కోట గోడలు కూలిపోయినవి.

నిజాం, మైసూరు, ఆంగ్లేయులు

ఫిరోజ్ జంగ్ కుమారుడే హైదరాబాదు రాజ్యస్థాపకుడైన నిజాం ఉల్ ముల్క్. నిజాం కుమారుడు బసాలత్ జంగ్‌కు 1756లో ఆదోని జాగీరుగా లభించినది. ఈ విధముగా కోటను జయించినవాని మనుమడు దానికి ప్రభువైనాడు. తీరాంధ్రములోని గుంటూరు సర్కారు కూడా ఇతని జాగీరులో చేరియుండెను. ఇతడు 1782లో మరణించెను. ఇతని సమాధి ఆదోనిలో కలదు.

హైదర్ అలీ దాడులను తట్టుకొన్న కోట, 1786లో అతని కుమారుడు టిప్పు సుల్తాను నెలరోజుల ముట్టడికి లొంగిపోయినది. టిప్పు కోట గోడలను పడగొట్టించి, ఫిరంగులను, సామగ్రిని గుత్తికి తరలించెను. మరుసటి సంవత్సరము జరిగిన సంధిలో ఆదోని తిరిగి నిజాం కుటుంబమునకు దక్కినది. కాని అప్పటికి అది పేరుకు మాత్రమే కోట. 1800లో నిజాం తన రక్షణకు ఉంచుకొన్న ఆంగ్ల సైన్యపు ఖర్చుల క్రింద ఈ ప్రాంతమునంతటిని ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అందుచేతనే దీనికి దత్త మండలములు అన్న పేరు వచ్చినది. థామస్ మన్రో ఈ మండలములకు 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేసెను.

ఆంగ్లేయుల కాలములో ఆదోని బళ్ళారి జిల్లాలో ఒక తాలూకా. 1876 - 78 నాటి మహాకరువు ఈ జిల్లాను తీవ్రముగా పీడించినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోను, రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాలోను చేరినవి. బళ్ళారి నగరము మైసూరు రాష్ట్రములో చేరినది. ప్రత్తి వ్యాపారము, నూనె మిల్లులవలన ఆదోనికి రెండవ ముంబయి అన్న పేరు వచ్చినది.

సందర్శనీయ విశేషాలు

బారాఖిల్లా: కోటలోని ప్రధాన శిఖరము. ఎక్కేదారిలో ప్రాకార శిథిలాలు, బురుజులు, ద్వారములు కానవచ్చును. పైనుండి పట్టణము, చేలు, దూరముగా ఇతర గుట్టలు కనబడతాయి. ఈ చోటనే కోటను ఎందుకు కట్టిరో పుస్తకము చదువకనే అర్థమగును.

గుండములు: వీటి గట్లు, మెట్లు, నీరు వచ్చి చేరు వాలులు శ్రద్ధగా పరిశీలింపదగినవి. కోట నిర్మాణములో అసలైన పనితనము ఇక్కడ కనబడును.

షాహీ జామియా మసీదు: పట్టణములో ఉన్నది. బీజాపూర్ సుల్తానుల కాలపు కట్టడములలో పేర్కొనదగినది. నేటికిని ప్రార్థనలు జరుగుచున్నవి కనుక సందర్శకులు ప్రార్థనా సమయములను గౌరవించవలెను.

రణమండల కొండ: ఇచ్చటి ఆంజనేయస్వామి ఆలయమునకు శ్రావణమాసములో భక్తులు విశేషముగా వచ్చెదరు.

చుట్టుపక్కల ప్రదేశాలు: ఆదోనికి ఈశాన్యముగా ఎమ్మిగనూరు పట్టణము ఉన్నది. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘమువలన ఈ పట్టణము ప్రసిద్ధి చెందినది. ఆయనకు 1954లో పద్మశ్రీ పురస్కారము లభించినది. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయము కలదు. హొళగుంద మండలములోని దేవరగట్టు కొండపై మాళమల్లేశ్వరస్వామి ఆలయము ఉన్నది. అచ్చట విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవములో నెరణికి మొదలగు గ్రామముల ప్రజలు ఉత్సవ విగ్రహముల కొరకు కర్రలతో తలపడుదురు. ఏటా పలువురు గాయపడుచుండుటచే పోలీసు బందోబస్తు ఏర్పాటు చేయుచున్నారు. చరిత్రాసక్తి కలవారు ఎర్రగుడి, రాజులమందగిరిలలోని అశోకుని శిలాశాసనములను కూడా ఇదే పర్యటనలో చూడవచ్చును.

ఇటలీ కోటలతో పోలిక

ఇటలీ వాయవ్య భాగమున పీడ్‌మాంట్ రాష్ట్రములో లాంగే అను కొండల సీమ కలదు. అచ్చట ప్రతి గుట్టపై ఒక ఊరు, ఊరి నడుమ ఒక కోట, కొండవాలు నిండ ద్రాక్షతోటలు ఉంటాయి. సెర్రలుంగ కోట పదునాలుగవ శతాబ్ది మధ్యలో, అనగా ముజాహిద్ షా ఆదోనిని ముట్టడించుటకు కొద్ది దశాబ్దాల ముందు కట్టబడినది. గ్రింజానె కోటలో ఉండి, ఆ ఊరికి 1832 నుండి 1849 వరకు మేయరుగా పనిచేసిన కవూర్, తరువాత ఏకీకృత ఇటలీకి మొదటి ప్రధానమంత్రి అయ్యెను. బరోలో కోటలో 2010లో ద్రాక్షాసవ ప్రదర్శనశాల నెలకొల్పబడినది. 2014లో యునెస్కో ఆ ద్రాక్షతోటల సీమను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

ఇందులో గమనింపదగిన విషయము ఒకటి కలదు. అచ్చటివారు కోటను ఒంటరి కట్టడముగా గాక, దాని చుట్టూ ఉన్న పంట, ఊరు, వ్యాపారములతో కలిపి చూపుదురు. చేను చూడవచ్చినవాడు కోట చూచును, కోట చూడవచ్చినవాడు పంటను కొనును. ఆదోని చుట్టూ ద్రాక్షతోటలు లేకపోయినా ప్రత్తిచేలు ఉన్నవి, ప్రత్తి మార్కెట్టు ఉన్నది, ఎమ్మిగనూరులో మగ్గము ఉన్నది. విత్తునుండి వస్త్రమువరకు, ముట్టడినుండి మంత్రాలయమువరకు ఒకటి రెండు రోజులలో చూపదగిన విశేషములు ఇంత దగ్గరగా ఉండుట అరుదు.

పరిరక్షణ ఆవశ్యకత

గిరిదుర్గములకు శత్రువులు ఇప్పుడు వేరు. రావి, మర్రి విత్తనములు గోడల సందులలో మొలచి, వేళ్ళు ఊరి రాళ్ళను విడదీయును. పడిన రాళ్ళు ఇతర కట్టడములకు తరలిపోవును. గుప్తనిధుల ఆశతో రాయలసీమలోని పలు కోటలలో రహస్యముగా త్రవ్వకములు జరిపినవారున్నారు. గుండములు పూడిపోయిన, వాన నీరు దారి తప్పి గోడల పునాదులలోకి ప్రవేశించును. కాబట్టి గుండములలో పూడిక తీయుట నీటి కొరకే కాదు, గోడల రక్షణకు కూడా అవసరము. కోటను కట్టినవారు నీటిని పోనిచ్చిన దారి ఏదో తెలిసికొనుట మరమ్మతులో మొదటి మెట్టు.

చారిత్రక సంపదను కాపాడుట పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా రాజ్యాంగములోని 51ఏ అధికరణము పేర్కొన్నది. బండలపై పేర్లు చెక్కకుండుట, రంగులు పూయకుండుట, ప్లాస్టిక్ సంచులు గుండములలో వేయకుండుట ప్రతి విద్యార్థియు చేయగలిగిన పనులు.

సందర్శకులకు సూచనలు

ఆదోని ముంబయి - చెన్నై రైలు మార్గములో గుంతకల్లు, రాయచూరు జంక్షనుల మధ్య ఉన్నది. 1871లో పూర్తియైన ఈ మార్గము దేశములోని తొలి దూరప్రయాణ మార్గములలో ఒకటి. జిల్లా కేంద్రమైన కర్నూలు నుండి సుమారు 100 కిలోమీటర్ల దూరములో ఉన్న ఆదోనికి ఎమ్మిగనూరు మీదుగా బస్సు సౌకర్యము కలదు.

ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుట మామూలు. అందుచేత నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూల సమయము. తెల్లవారుజామున ఎక్కుట ఆరంభించి, ఎండ ముదరకముందే దిగుట మంచిది. వానలు పడిన వెంటనే బండలు జారును. ఒంటరిగా పోరాదు. దారి తెలిసిన స్థానికులను వెంట తీసుకొని వెళ్ళుట క్షేమము. మార్గములో అంగళ్ళు ఉండవు కనుక త్రాగునీరు తప్పక తీసుకొనిపోవలెను. నీటి విలువ ఎటువంటిదో ఈ కొండ ఆరువందల ఏండ్లక్రిందటనే నేర్పినది.